తీపిబాయి లేదన్న దస్తగిరి

దస్తగిరి అని ఒకాయన ఉండె. లాడాలు కట్టేవాడు, దూదేకులాయన, బండ్లదిన్నె ఊరు. బండ్లదిన్నె అంటే ఇప్పుడు మీకెవురికీ తెల్దు. ఉప్పరమెట్ట టేసను నుంచి తూర్పుకు ఆమడ దూరం పోతే నల్లరేగట్లో రాళ్ళ కుప్పలు కనపడతాయి చూడు, అదే. నేను చూసినదాన్ని కాదు. మా అవ్వ చెప్పింది, మా అవ్వకు వాళ్ళమ్మ గంగులమ్మ చెప్పింది. ఆ గంగులమ్మ ఈ కతలోనే వస్తాది, వచ్చినప్పుడు చెప్తాలే. శెనక్కాయలు వలుస్తా వినండి, చేతులు నిలపగాకండి. ఆ కాలంలో రైలు లేదు, అంతా బండ్లే. పడమట నుంచి పత్తి బండ్లు, తూర్పు నుంచి ఉప్పు బండ్లు, ముప్పై నలభై ఒకటెనక ఒకటి బారుగట్టి పోతాండెనంట. ఆ బయలు ఎట్లాంటిదంటే, చెట్టు లేదు పుట్ట లేదు, పొద్దుట్నుంచి మాపటిదాకా నడిచినా ఉన్న చోటే ఉన్నట్టుంటాది. యాడ తవ్వినా ఉప్పు నీళ్ళే, ఎద్దు గూడా మూతి పెట్టి తల ఎత్తుకుంటాది. అట్లాంటి బయల్లో ఈ దిన్నె మీద ఒక్క బాయి, దాంట్లో నీళ్ళు కొబ్బరినీళ్ళ మాదిరి. తీపిబాయి అంటాండ్రి. ఆ బాయి కోసరం బండ్లు నిలబడె, బండ్లు నిలబడినందుకు ఊరు పుట్టె. కమ్మరాయన వచ్చి కొలిమి పెట్టె, వడ్లాయన వచ్చి చక్రాలు చేయబట్టె, తాళ్ళు పేనేవాళ్ళు, గడ్డి అమ్మేవాళ్ళు, ఇరుసులకు కందెన అమ్మే గానుగాయన, గడ్డాలు గీసే మంగలాయన, అంతా కలిపి అరవై ఇండ్లనుకో. ఒక్క ఇంటికీ సేద్యం లేదు. బండి వస్తే కూడు, రాకపోతే లేదు.

దాంట్లో దస్తగిరిది లాడాల పని. ఎద్దుకు లాడం కట్టేదంటే ఉత్తగా కాదు. ఎద్దును నొప్పి లేకుండా పడగొట్టల్ల, నాలుగు కాళ్ళూ చేర్చి కట్టల్ల, గిట్ట చెక్కల్ల, గిట్టలో రెండు చీలికలు గదా, చీలికకు ఒకటి లెక్కన ఎనిమిది రేకులు మేకులు కొట్టి బిగించల్ల. మేకు రవ్వంత లోపలికి పోతే పచ్చికి తగుల్తాది, అంటే గిట్ట లోపల ప్రాణముండే చోటు, ఇంగ ఆ ఎద్దు కుంటిదైపోతాది. ఒగసారి ఏమైందంటే, కోసిగి దిక్కు బండాయన ఒకడు లాడాలు కట్టించుకోని పొయినాడంట. పొయినాక దస్తగిరి తిండికి కూర్చున్నాడు. కూర్చోని, ముద్ద చేతిలో పెట్టుకోని ఆలోచన చేస్తాండాడు. ఎడమెద్దు ముందరి కాలికి మూడో మేకు కొట్టేటప్పుడు దాని చెవి ఒకతూరి కదిలింది గదా అని. అంతే, ముద్ద పళ్ళెంలో ఏసి లేచినాడు, ఎండలో రెండు కోసులు ఉరికినాడు బండెనకాల. నిలబడబ్బా, నీ ఎద్దుకు మేకు పచ్చికి తగిలింది, తప్పు నాది అన్నాడు. ఆ బండాయన తెల్లబొయి, నడస్తానే ఉండాది గదయ్యా అంటే, ఈ పొద్దు నడుస్తాది, ఎల్లుండి పడుకుంటాది అన్నాడు. వెనక్కి పిల్చకచ్చి, మేకు పెరికి, ఐదు దినాలు తన గడ్డే ఏసి, పసుపు కట్టి పంపించినాడు. ఎవురు చేస్తారు చెప్పు ఆ పని? వాడు నోరు మూసుకుంటే ఎవురికీ తెలిసేది కాదు. అప్పట్నుంచి ఆ దోవలో బండ్లోళ్ళకు ఒక మాట అలవాటైపొయ్యింది. ఏదన్నా గట్టిగా చెప్పాలంటే, దస్తగిరి చెప్పినట్టు అనుకో అనేవాళ్ళంట.

అట్ల ఉండంగా రైలు మాట వచ్చింది. దొరలు గొలుసులు పట్టుకోని భూమి కొలుస్తాండారు, ఇనుప కమ్మీలు పరుస్తారంట, దాని మీద నిప్పుబండి పోతాదంట, ఒక్క బండి నూరు బండ్ల పత్తి లాగతాదంట అని. మొదట ఎవురూ నమ్మలేదు. కొలిచేవాళ్ళు నాలుగామడల దూరానికొచ్చినాక నమ్మినారు. ఊర్లో బండ్లు దిగే దొడ్డి బసివిరెడ్డిది, ఆయనే పెద్ద. ఆయన అందర్నీ దొడ్లోకి పిలిపించి ఏం జెప్పినాడంటే, నేను విచారించినాను, ఆ నిప్పుబండికి దప్పి ఎక్కువంట, నూరెద్దులు తాగినన్ని నీళ్ళు ఒక్కటే తాగతాదంట, అందుకని మంచినీళ్ళు యాడుంటే ఆ దోవన కమ్మీలు ఏస్తారంట, ఉప్పు నీళ్ళయితే దాని పొట్టలో పెచ్చులు కడతాదంట. ఈ పక్క మనూరు, ఆ పక్క వాననీళ్ళ కుంటుండే ఉప్పరమెట్ట, రెండిట్లో ఒకటి. మన బాయి చూసినారంటే ఈన్నే ఏస్తారు. ఏసినారంటే బండి అనేది ఉండదు. బండి లేకపోతే నీ కొలిమెందుకు, నీ చక్రమెందుకు, నీ తాడెందుకు, నా దొడ్డెందుకు? అని ఒక్కొక్కరి మొగం చూసి అడిగినాడంట. ఆయన చెడ్డోడు కాదు. అరవై ఇండ్ల కూడు ఆయన నెత్తి మీదుండాదని అనుకున్నాడు, అంతే. బాయి మీద దూలాలు పరిచి చొప్ప వామి ఏస్తాం, వాళ్ళున్న నాలుగు దినాలు అందరం ఉప్పుబాయి నీళ్ళే తాగుతాం, అడిగితే ఇవే మా నీళ్ళు అంటాం అన్నాడు.

అందరూ సరే అంటాంటే ఒక్కతి లేచింది. అదే గంగులమ్మ, మా అవ్వోళ్ళమ్మ. మొగుడు పొయినాక బండ్లోళ్ళకు జొన్న సంగటి చేసి అమ్ముకుంటా బిడ్డను సాకుతాండె. ఆయమ్మ ఏమన్నాదంటే, రెడ్డీ, రైలు వచ్చేది నిలుస్తాదా మనం వామి ఏస్తే? ఈడ రాకపోతే ఆడ పోతాది. యాడ పోతే పత్తి ఆడికే పోతాది, ఇంగ మనకాడికి బండి యాల వస్తాది? నాకైతే బండి దిగినోడికీ ఆకలే, రైలు దిగినోడికీ ఆకలే, ఎవురికైనా అదే ముద్ద పెడతా, అన్నాది. బసివిరెడ్డి నవ్వి, నీది సంగటి కుండమ్మా, నెత్తిన పెట్టుకోని యాడికన్నా పోతావు, కొలిమి నెత్తిన పెట్టుకోని పోయేవాళ్ళు యాడుండారు, అన్నాడు. అందరూ నవ్వినారు. ఆడదాని మాట గదా, ఇంగ ఎవురు వింటారు. అప్పుడు రెడ్డి దస్తగిరి దిక్కు తిరిగినాడు. వాళ్ళు ఎవుర్ని అడిగినా ఆఖరికి నిన్నే అడుగుతారు సాయిబూ, దోవ పొడుగునా నీ మాటకు పేరుండాది, నువ్వు లేదంటే లేదని రాసుకోని పోతారు అన్నాడు. దస్తగిరి తల వంచుకోని, నా నోటెంబడి రాదు రెడ్డెప్పా, ఇంకెవుర్నన్నా పెట్టుకోండి అన్నాడంట. ఇంకెవురు చెప్తే ఏం లాభం సాయిబూ, నమ్మరు గదా, అన్నాడు రెడ్డి.

ఇంటికి పొయినాక పెండ్లాం సాలమ్మకు చెప్పినాడు. ఆయమ్మ చొప్ప కోస్తాండె. కొడవలి నిలబెట్టి, నీకు చెప్పాలనుందా, లేదా? అని అడిగింది. ఊరి కోసరం గదే అన్నాడు. ఊరి సంగతి నేనడగలేదు అన్నాది. ఈయప్ప మనసులో ఏముండాదంటే, గంగులమ్మ మాట సరిగ్గానే ఉందని ఆయనకు తెలుసు. కానీ ఇనుప చక్రానికి లాడం కట్టేపని లేదు గదా. నలభై ఏండ్లొచ్చినాయి, చేతికి తెలిసింది ఇదొకటే. ఆ భయం తనది. దాన్ని ఊరి భయమని పేరు పెట్టి కప్పుకున్నాడు. ఇది నేను కల్పించి చెప్పేది కాదు, ముసలోడైనాక ఆయనే గంగులమ్మతో చెప్పుకున్నాడంట.

మూడో దినానికి కొలిచేవాళ్ళు వచ్చినారు. దొర దూరంగా గుడారం ఏసుకున్న్యాడు. ఆయన కింద గుమాస్తా, పెరుమాళ్ళయ్య అని నెల్లూరాయన, తట్టువ గుర్రమొకటి ఎక్కి ఊర్లోకొచ్చినాడు. మెత్తగా మాట్లాడే మనిషి. గుర్రానికి వెనక కాలి లాడం ఊడింది, కట్టమని నేరుగా దస్తగిరి కాడికే వచ్చినాడు. దస్తగిరి గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకోని గిట్ట గీరతాండాడు. ఊర్లోవాళ్ళంతా వాళ్ళ వాళ్ళ పనులు చేసుకుంటున్నట్టు నటిస్తా చెవులు ఈడ పెట్టినారు. గుమాస్తా దప్పయి నీళ్ళడిగితే సాలమ్మ చెంబు తెచ్చిచ్చింది, ఉప్పుబాయి నీళ్ళే. ఒక గుక్క తాగి, పుక్కిలించి ఉమ్మేసి, మల్ల దప్పికి తట్టుకోలేక ఇంకో గుక్క మింగినాడు. మింగి అడిగినాడు.

"దస్తగిరీ, నేను ఊరూరూ ఇదే మాట అడుగుతున్నా. రైలు కావాలనుకున్నోళ్ళు లేని నీళ్ళు ఉన్నాయంటారు, వద్దనుకున్నోళ్ళు ఉన్న నీళ్ళు లేవంటారు. మీ దోవలో బండ్లవాళ్ళంతా ఒక్క నీ పేరే చెప్పారు. ఈ ఊళ్ళో ఇంతకంటే మంచి నీళ్ళు ఉన్నాయా?"

"లేవు సామీ."

"మరి ఇన్ని బండ్లు ఇక్కడెందుకు దిగుతాయి?"

"అలవాటు సామీ. ఎద్దులు గూడా అలవాటు పడినాయి."

గుమాస్తా ఇంకేం అడగలేదు. సంచిలో నుంచి పుస్తకం తీసి రెండు ముక్కలు రాసుకున్న్యాడు. అంత సులువుగా అయిపొయ్యింది. ఆ మనిషి ఇంకోసారి అడిగింటే, నిజంగానేనా అని మొగం చూసింటే చెప్పేసేవాణ్ణి అని దస్తగిరి అనుకునేవాడంట తర్వాత. కానీ ఆయన మొగం చూడలేదు. దస్తగిరి మాట గదా, మొగం చూసే పని లేకపాయె. ఇంగ ఏమైందంటే, ఆ రాసుకునేది చూస్తా చూస్తా దస్తగిరి ఆఖరి మేకు కొట్టినాడు. గుర్రం చర్మం మోకాలు కాడ జలదరించింది. తెలిసింది ఆయనకు, చేతికి తెలిసిపొయ్యింది, పచ్చికి తగిలిందని. నోరు తెరిచినాడు. తెరిచి, చెప్తే మేకు పెరకాల, పెరికితే ఈ మనిషి నాలుగు దినాలు ఈన్నే ఉండాల, ఉంటే వామి కింద ఏముందో కుక్కలన్నా మొరిగి చెప్తాయి, అనుకున్నాడు. నోరు మూసినాడు. గుమాస్తా గుర్రమెక్కి పొయినాడు. దూరం పోయేకొద్దీ అది వెనక కాలు రవ్వంత ఎత్తెత్తి ఏస్తాంది. ఊరంతా వామి మీద కుచ్చోని సంబరపడతాంటే దస్తగిరి ఒక్కడూ ఆ గుర్రం నడక చూస్తా నిలబడినాడు, బయలు గదా, శానా సేపు కనపడిందంట.

మూడేండ్లకు ఉప్పరమెట్ట మీద కమ్మీలు పడినాయి. దాంట్లో ఒక విచిత్రం విను. కమ్మీలు ఏసేటప్పుడు రాళ్ళు తోలేదానికి, దుంగలు తోలేదానికి ఎన్ని బండ్లు కావాల? ఆ రెండేండ్లు బండ్లదిన్నెలో ముందెన్నడూ లేనన్ని బండ్లు దిగినాయి. దస్తగిరికి ఎద్దును పడగొట్టి పడగొట్టి భుజాలు వాచిపోతాండె. చూసినారా, నా మాట విన్నందుకు, అని బసివిరెడ్డి మీసం తిప్పె. కుక్కపిల్లకు తెలుసా పండగెనక పస్తుండాదని. గంగులమ్మకు మాత్రం తెలుసు. ఆయమ్మ కుండ, తెడ్డు, రోలు నెత్తినెత్తుకోని, బిడ్డను ముందర నడిపించుకోని ఉప్పరమెట్టకు పొయి టేసను కట్టేవాళ్ళకు సంగటి అమ్మబట్టె. పోతా పోతా దస్తగిరి వాకిట్లో నిలబడి, అన్నా, నువ్వూ రా, ఆడ జట్కాలొస్తాయి, గుర్రాలుంటాయి, నీ చేతికి పనుంటాది అన్నాది. దస్తగిరి రాలేకపొయినాడు. ఆడ ఆ గుమాస్తా ఉంటాడు, ఏ మొగం పెట్టుకోని పోవాల? అది చెప్పలేక, ఈడ పనుంది గదమ్మా అన్నాడు.

ఇంగ రైలు నడిచిందంటే నడిచింది. పత్తంతా టేసనుకే. ఉప్పు టేసన్లోనే దిగబట్టె. బండ్లదిన్నె దోవలో మొదట నెలకు పది బండ్లు, తర్వాత ఐదు, తర్వాత బండిగాళ్ళ జాడల మధ్యన గడ్డి మొలిచింది. వడ్లాయన పొయినాడు, కమ్మరాయన కొలిమి తిత్తి ఎత్తుకోని పొయినాడు, ఇండ్ల మీద వాసాలు గూడా పెరుక్కోని పోతాండ్రి. అరవై ఇండ్లు పదహైదు అయినాయి. అప్పుడు మనుషుల నోట్లో ఒక మాట పుట్టింది. అంతా దస్తగిరి చేసిందే, మంచినీళ్ళు లేవని ఆయనే గదా చెప్పింది, లేకపోతే ఈ పొద్దు టేసను మన వాకిట్లో ఉండేది, అని. దొడ్లో ఎవురు తల ఊపినారో, చొప్ప ఎవురు మోసినారో, ఎవురికీ గుర్తు లేదు. బసివిరెడ్డి గూడా, నేను ఊరికే ఒక మాటంటి, చెప్పేవాడికి బుద్ధుండల్ల గదా, అన్నాడంట. దస్తగిరి ఎదురు చెప్పలేదు. ఎట్ల చెప్తాడు, చెప్పింది నిజంగా ఆయనే గదా. సాలమ్మ మాత్రం ఒక్కసారి రెడ్డిని దోవలో నిలబెట్టి, మా ఆయన మాట అరువు తీసుకున్న్యావు, తిరిగియ్యకపోతే పోనీ, మొగాన ఉమ్మగాకు, అన్నాదంట.

అయినా అదంతా ఒక ఎత్తు. ఆ తర్వాతొచ్చింది ధాత కరువు. పెద్దోళ్ళు చెప్తే విన్నారా లేదా మీరు? రెండేండ్లు చినుకు లేదు. నేల బీటల్లో దూడ కాలు ఇరుక్కుంటే తీసేదానికి రాదంట. పశువులు పొయినాయి, చెట్ల బెరడు పొయ్యింది, మనుషులు పోబట్టినారు. బయల్లో ఉన్న ఉప్పుబాయిలన్నీ ఎండినాయి గానీ తీపిబాయి ఎండలేదు. చూడు, నీళ్ళుండాయి, గింజ లేదు. ఉప్పరమెట్టలో దానికి తిరగబడి ఉండాది. రైల్లో గింజలు మూటలు మూటలు దిగతాండాయి, గంజి కాచి పోస్తాండారు సర్కారోళ్ళు, వేలమంది వచ్చి పడినారు, కానీ నీళ్ళు లేవు. కుంటలో అడుగు బురద తోడి వడగట్టుకోని తాగతాండారు. ఆ నీళ్ళకు వాంతిబేది పుట్టింది. పొద్దున గంజికి వరసలో నిలబడినోడు మాపటికి లేడు. తీపిబాయి ఉందని గంగులమ్మ లాంటోళ్ళు చెప్పినా, ఆ ఊర్లో మంచినీళ్ళు లేవని దస్తగిరి మాటే పుస్తకంలో ఉండాదని బంట్రోతులు తోసేసినారంట.

సాలమ్మకు మోకాళ్ళు వాచి నడవలేకపొయ్యింది. ఆమడ దూరం గదా, ఎద్దు లేదు, బండి లేదు. దస్తగిరి వీపున మోసుకోని పోతానంటే ఆయమ్మే వద్దన్నాది. ఆడికి పొయి ఆ బురద తాగి చచ్చేదానికన్నా ఈడ నీళ్ళన్నా మంచివి ఉండాయి అన్నాది. గంజి ఎవురు తాగాలన్నా ఆన్నే తాగల్ల, ఇంటికి ఇచ్చేది లేదు. అందుకని దస్తగిరి దినం తప్పించి దినం ఆమడ నడిచి పొయి, తన గంజి తాను తాగి, గంగులమ్మ కాడికి పొయ్యేవాడు. ఆయమ్మ తన వంతులో నుంచి పిడికెడు సంగటి గుడ్డలో కట్టిచ్చేది. అది పట్టుకోని మల్ల ఆమడ నడిచొచ్చి సాలమ్మ నోట్లో పెట్టేవాడు. పోయిన ప్రతిసారీ ఆ కుంటకాడ మనుషులను చూస్తాండె. ఆ పెరుమాళ్ళయ్యను గూడా చూసినాడు, గింజల లెక్క చూసుకునే పనిలో ఉండె, జుట్టు నెరిసింది. ఆయన ముందర నుంచి తల కప్పుకోని పొయినాడు. ఒక పొద్దు ఇంటికొచ్చి సాలమ్మతో చెప్పినాడు, ఆడ నీళ్ళకు చస్తాండారే, అని. సాలమ్మ ఏమన్నాదంటే,

"మన బాయి సంగతి చెప్పేసి రాపోయ్యా. నీ గుండె గూడా తేలికైతాది."

"చెప్తే, అప్పుడేంటికి లేదంటివి అంటారు గదే. జైల్లో ఏస్తారని రెడ్డి అంటాండాడు."

"ఏస్తే ఏస్తారు. ఆడన్నా కూడు పెడతారు."

"రేపు చెప్తాలే," అన్నాడు.

రేపు, ఎల్లుండి, అట్ల రెండు నెలలు. ఆమడ దూరం పోతా పోతా ఈ పొద్దు చెప్తా అనుకునేది, ఆ మనిషి నెరిసిన తల చూడంగానే కాళ్ళు పక్కకు తిరిగేవి. ఎనిమిది ఎద్దులు ఎదురు తిరిగితే భయపడనోడు ఒక మాటకు భయపడినాడు. మనకు నవ్వొస్తాది గానీ, మీరు గూడా ఆలోచన చేయండి, ఎన్ని మాటలు మింగినారో. నేనైతే మింగినా.

ఒగసారి ఏమైందంటే, గంజి దొడ్లో నిలబడినోడు నిలబడినట్టే కళ్ళు తిరిగి పడినాడు. గంగులమ్మే ఈడ్చుకోని పొయి పడుకోబెట్టింది. రెండు దినాలు తెలివి లేదు. తెలివొచ్చినాక గుడ్డలో సంగటి కట్టుకోని లేచి పడతా నడిచినాడు. పొయేసరికి సాలమ్మ గోడకు ఆనుకోని కూర్చున్నట్టే ఉండాది. పక్కన చెంబులో నీళ్ళు నిండుగా ఉండాయి. పిలిచినాడు, పలకలేదు. ఆ సంగటి ముద్ద చేతిలో పెట్టుకోని శానా సేపు కూర్చున్నాడంట. తర్వాత దాన్ని తీసుకుపొయి పక్కింట్లో మంగలాయన పిల్లోళ్ళకు పెట్టి, సాలమ్మను మట్టి చేసేదానికి మనుషుల్ని పిలిచినాడు. నలుగురు గూడా దొరకలేదు. బసివిరెడ్డి వచ్చినాడు, ఎముకల గూడు మాదిరి ఉండాడు. గడ్డపార ఎత్తలేక ఎత్తి తవ్వతాండాడు.

పదకొండు దినాలు ఇంట్లోనే పడుండె. పన్నెండో దినం లేచి ఉప్పరమెట్టకు నడిచినాడు. తల కప్పుకోలేదు. గంగులమ్మ కాడికి పొయి, అమ్మా, ఆ గుమాస్తా కాడికి నాతో రా, నేనొక్కణ్ణే పోతే మల్ల తిరిగొస్తా అన్నాడు. ఆయమ్మ తెడ్డు పక్కన పెట్టి, ఏంటికన్నా అనకుండా వెంట పొయ్యింది. పెరుమాళ్ళయ్య మూటల మధ్యన చాప మీద కుచ్చోని రాసుకుంటాండాడు. దస్తగిరి ఎదురుగ్గా నిలబడి, సామీ, నేను బండ్లదిన్నె లాడాల దస్తగిరిని, పదేండ్ల కింద మీరు మంచినీళ్ళు ఉండాయా అంటే లేవంటి, అది అబద్ధం, చొప్ప వామి కింద బాయి ఉండె, ఇప్పటికీ నిండుగా ఉండాది, ఈ కరువులో గూడా ఎండలేదు, అని ఒక్క గుక్కన చెప్పేసినాడు. చెప్పి, జైలుకు పొయేదానికి సిద్ధమై చేతులు కట్టుకున్నాడు. పెరుమాళ్ళయ్య తలెత్తి చూసినాడు. గుర్తు రాలేదు ఆయనకు. "నాలుగు నూర్ల ఊళ్ళలో అడిగానయ్యా ఆ మాట, మీ ఊరు ఏదో నాకు గుర్తు లేదు," అన్నాడు. పదేండ్లు ఎద మీద బండ పెట్టుకోని మోసింది, ఆ మనిషి పుస్తకంలో రెండు ముక్కలు, అంతే. అప్పుడు దస్తగిరి మెల్లగా, తట్టువ గుర్రానికి వెనక కాలికి లాడం కట్టినా సామీ, అన్నాడు. గుమాస్తా చేతిలో కలం నిలబడింది.

"ఆ మేకు నీదా?"

"నాదే సామీ. తెలిసీ చెప్పలేదు."

"కాలు కుళ్ళింది. అంతకుముందు తొమ్మిదేండ్లు నన్ను మోసింది అది. దొర కాల్పించేశాడు. నేను అటు తిరిగి నిలబడ్డా," అన్నాడు పెరుమాళ్ళయ్య. ఆ సంగతి గుర్తుండాది చూడు. ఊరు గుర్తు లేదు, గుర్రం గుర్తుండాది. ఎవురి నొప్పి వాళ్ళకు. ఆయన లేచి, ఆ బాయి ఎంత లోతు, దినానికి ఎన్ని నీళ్ళు తోడొచ్చు, దోవలో బండి పోతాదా అని అడిగినాడు. దస్తగిరి చెప్పినాడు. ఈసారి ఆయన మొగం చూసి అడిగినాడంట. దొర కాడికి మనిషిని పంపించినాడు.

రెండో దినానికే బండ్లు వచ్చినాయి. సర్కారు ఎద్దులు, రైల్లో గడ్డి తెప్పించి బతికించుకున్నవి, పీపాయిలు కట్టిన బండ్లు పద్దెనిమిది. ఎన్నేండ్ల తర్వాతో బండ్లదిన్నెలో ఎద్దుల మెడగంటలు వినపడినాయి. ఖాళీ పీపాయిలతో పాటు ప్రతి బండిలో ఒక గింజల మూట తెచ్చినారు. ఏంటికంటే, నీళ్ళు తోడే కూలికి ఊర్లోవాళ్ళకు ఈన్నే గింజలు కొలిచి ఇయ్యమని దొర చెప్పినాడంట. మిగిలిన ఇండ్లోళ్ళంతా చేదతాళ్ళు పట్టుకోని బాయి చుట్టూ చేరినారు. బసివిరెడ్డి గూడా తోడినాడు. ఆ పొద్దు ప్రతి ఇంట్లో పొయ్యి వెలిగింది, ముసలి ముతక కదల్లేనోళ్ళకు గూడా వాకిట్లోకే గింజ వచ్చింది. ఉప్పరమెట్టలో నెలకల్లా వాంతిబేది తగ్గిపొయ్యింది. దస్తగిరి పుణ్యమని కొందరన్నారంట. ఆయన తన కూలికి కొలిచిన గింజలు పై పంచెలో పోసుకోని ఇంట్లోకి పొయినాడు. పొయ్యి ముందర కుచ్చోని, మల్ల లేచి అవి తెచ్చి మంగలాయన వాకిట్లో పోసి, తాను సర్కారు ఎద్దుల కాడికి పొయి గిట్టలు చూడబట్టినాడు. దాదాపు అన్నిటికీ లాడాలు అరిగిపొయినాయంట.

కరువు పొయినాక గంగులమ్మ ఆయన్ను వదల్లేదు. ఉప్పరమెట్టలో తన పాక పక్కనే నీడ ఏయించి, జట్కా గుర్రాలకు లాడాలు కట్టే పని పెట్టించింది. ఏడెనిమిదేండ్లు ఉన్నాడు. పని బాగా చేసేవాడు, మాట తక్కువ. రైలు దిగినోళ్ళు, కొత్తోళ్ళు, ఫలానా ఊరికి ఏ దోవ అని అడుగుతారు గదా, చెప్పేవాడు. చెప్పి, ముందర ఇంకొకర్ని గూడా అడగండి, అనేవాడంట. ఏ సంగతి అడిగినా అంతే. తెలిసిందే చెప్పినా సరే, ఇంకొకర్ని గూడా అడగండి అని. మా అవ్వ చిన్నప్పుడు, యాల తాతా అట్లంటావు, అని ఎగతాళి చేసేదంట. నవ్వేవాడు గానీ చెప్పేవాడు కాదు. గంగులమ్మకు ఒక్కదానికే చెప్పినాడు ఇదంతా.

ఇప్పుడా ఉప్పరమెట్ట టేసన్లో గూడా రైలు నిలబడదు లే. కూతేసుకోని, దుమ్ము లేపుకోని పోతాది. పెద్ద టేసన్లలోనే వాటికి పని. కాబట్టి బండ్లదిన్నెలో టేసను వచ్చింటే మాత్రం ఏం బాగుపడిండేది, ఆయన్ను అనేదెందుకు, అని మా చిన్నాయన వాదిస్తాడు. అది నిజమే కావచ్చు. ఊరు బతికేదీ చచ్చేదీ ఎవురి చేతుల్లో ఉండాదో నాకు తెల్దు. అరవై ఇండ్లోళ్ళు కలిసి మోసిన చొప్ప అది, ఒక్కడి మీదెందుకు ఏయాల? కానీ కరువులో బాయి సంగతి చెప్పని ఆ రెండు నెలలు మాత్రం ఆయన చేతుల్లోనే ఉండె తల్లీ. అది ఆయనకు తెలుసు. సరే, నీ గంపలో కాయలు అట్లనే ఉండాయే, వినేటప్పుడు వలవమంటి గదా, ఇంగ నేనే వలవల్లా?